బీమా ఆఫీసులో డాకెట్ల కాలం

జీవిత బీమా ఆఫీసంటే బయటివాళ్ళకి గుర్తొచ్చేది ప్రీమియం కట్టే కౌంటరు, గోడ మీద దీపానికి అడ్డుపెట్టిన రెండు చేతుల బొమ్మ. లోపల పనిచేసినవాళ్ళకి ముందుగా గుర్తొచ్చేది రికార్డు రూము. ఇనప ర్యాకుల నిండా అట్ట కవర్లలో డాకెట్లు (ఒక్కో పాలసీకి సంబంధించిన కాగితాల కట్టలు), పాత కాగితం వాసన, కలరా ఉండల వాసన. శ్రీకాకుళం, విజయనగరం వైపు బ్రాంచీల్లో కంప్యూటరు రాకముందు పనిచేసినవాళ్ళం ఎక్కడ కలిసినా మాట తిరిగి తిరిగి ఆ గదిలోకే వెళ్తుంది. ఒక ఇంటికి డబ్బు ఎప్పుడు అందుతుంది, అసలు అందుతుందా లేదా అన్నది ఆ అట్ట కవరులో ఏళ్ళ కిందట ఎవరు ఏం రాశారన్న దాని మీదే ఉండేది. ఆ పని ఎలా జరిగేదో తెలిసినవాళ్ళు ఒక్కొక్కరే రిటైరైపోతున్నారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

1956 సెప్టెంబరు 1న 245 బీమా కంపెనీలు, ప్రావిడెంటు సొసైటీలు కలిసిపోయి ఎల్.ఐ.సి. ఏర్పడిందని అందరికీ తెలిసిందే. తర్వాత చాలాకాలం బ్రాంచి అంటే కొత్త వ్యాపారం తేవడం, డబ్బు కట్టించుకోవడం వరకే. పాలసీ కాగితాలు డివిజనల్ ఆఫీసులో ఉండేవి. పాలసీ మీద అప్పు కావాలన్నా, క్లెయిము పెట్టాలన్నా ఫైలు అక్కడికి వెళ్ళాలి, రావాలి. 1980లలో వికేంద్రీకరణ మొదలయ్యాక డాకెట్లు బ్రాంచీలకు తరలొచ్చాయి. అప్పు, సరెండరు (పాలసీని మధ్యలో వదులుకోవడం), మనీబ్యాక్ చెక్కు, చాలా క్లెయిములు బ్రాంచిలోనే తేలడం మొదలైంది. మా పని పెరిగింది. పార్వతీపురం నుంచో, ఇచ్ఛాపురం నుంచో బస్సెక్కి వచ్చిన మనిషికి డివిజనల్ ఆఫీసు దాకా పోయే శ్రమ తప్పింది.

డాకెట్ పుట్టేది న్యూ బిజినెస్ టేబులు మీద. 300 నంబరు ప్రపోజలు ఫారం, ఏజెంటు రహస్య నివేదిక, వయసు రుజువు, డాక్టరు రిపోర్టు, మొదటి ప్రీమియం కట్టిన బి.ఓ.సి. రసీదు నంబరు. ఈ అయిదూ ఉంటేనే కాగితం ముందుకి కదులుతుంది. బి.ఓ.సి. అంటే ఇంకా పాలసీ కాని డబ్బు, డిపాజిట్టుగా మాత్రమే ఉంటుంది. ప్రపోజలు అంగీకరించి, మొదటి ప్రీమియం రసీదు తయారైతేనే రిస్కు, అంటే బీమా రక్షణ, మొదలవుతుంది. "డబ్బు కట్టేశాం కదా" అని జనం అనుకునేవారు. ఈ రెండింటి మధ్య రోజుల్లో ఏదైనా జరిగితే ఆ తేడా ఎంత పెద్దదో ఆ ఇంటివాళ్ళకే తెలుస్తుంది. అందుకే మంచి ఏజెంటు వేలిముద్ర పడ్డ రోజే కాగితాలు తెచ్చి, లోపమేదైనా ఉంటే అక్కడే నిలబడి సరిచేయించుకుని వెళ్ళేవాడు.

మన జిల్లాల్లో పెద్ద చిక్కు వయసుతో వచ్చేది. బడికి వెళ్ళినవాళ్ళకి స్కూలు సర్టిఫికెట్టు ఉంటుంది. లేనివాళ్ళు జాతకం తెచ్చేవారు, అదీ లేకపోతే ఊరి పెద్ద డిక్లరేషను. ఇలాంటివాటిని నాన్-స్టాండర్డ్ వయసు రుజువులు అనేవాళ్ళం. వాటి మీద ఎక్కువ మొత్తానికీ, కొన్ని రకాల ప్లానులకీ పాలసీ ఇవ్వరు. వయసు లెక్క కూడా చాలామంది పొరపడేది. నిండిన ఏళ్ళు చూడరు, దగ్గరి పుట్టినరోజు చూస్తారు. ముప్ఫై దాటి ఆరు నెలలు గడిస్తే బీమా లెక్కలో ముప్ఫై ఒకటి. అందుకే పాలసీ తేదీని అదే ఆర్థిక సంవత్సరంలో కొన్ని నెలలు వెనక్కి జరిపి, ఆ మేరకు వడ్డీ కట్టించి, చిన్న వయసు రేటు తీసుకునే పద్ధతి ఉండేది. తెలిసిన డెవలప్‌మెంట్ ఆఫీసరు దాన్ని పాలసీ తీసుకునేవాళ్ళకి ముందే చెప్పేవాడు.

తర్వాతి చిక్కు పేర్లు. విజయనగరం చుట్టూ పైడిరాజులు, పైడితల్లులు, అప్పలనాయుళ్ళు. శ్రీకాకుళం వైపు సూర్యనారాయణలు, అప్పన్నలు, రాములమ్మలు. ఒక ఊళ్ళో ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో నలుగురుండటం మామూలే. తండ్రి పేరు కూడా కలిసిపోతే ఇక పుట్టుమచ్చలే దిక్కు. సింహాచలం అన్న పేరు మగవాళ్ళకీ ఉంటుంది, ఆడవాళ్ళకీ ఉంటుంది. నామినీ గడిలో ఉత్త 'సింహాచలం' అని రాసి బంధుత్వం గడి వదిలేస్తే, ఇరవై ఏళ్ళ తర్వాత అది భార్యో తమ్ముడో తేల్చడానికి ఎన్ని కాగితాలు కావాలో! అందుకే స్క్రూటినీ బాగా తెలిసిన హయ్యర్ గ్రేడ్ అసిస్టెంటు ముందు చూసేది ప్రీమియం లెక్కని కాదు. నామినీ పేరు, బంధుత్వం, వయసు చూస్తారు. నామినీ మైనరైతే అపాయింటీ (మైనరు తరఫున డబ్బు తీసుకునే పెద్ద) సంతకం ఉందా చూస్తారు.

ఆరోగ్యం ప్రశ్నల దగ్గర మాత్రం ఎంత చెప్పినా తక్కువే. తల్లిదండ్రులున్నారా, పోతే ఏ వయసులో, దేంతో పోయారు, గత అయిదేళ్ళలో వారం మించి వైద్యం చేయించుకున్నారా, ఆడవాళ్ళయితే ఆఖరి కాన్పు ఎప్పుడు. ఇవన్నీ అడిగి రాయాలి. తెలుగులో సంతకం చేసినవాళ్ళకీ, వేలిముద్ర వేసినవాళ్ళకీ ప్రశ్నలు వాళ్ళ భాషలో చదివి చెప్పామని మరొకరు రాసి సంతకం పెట్టాలి. హడావిడిగా నింపిన ఫారాలు చూడగానే తెలిసిపోతాయి. అన్ని గళ్ళలోనూ ఒకే పెన్నుతో, ఒకే ఊపులో 'లేదు, లేదు, బాగుంది' అని ఉంటుంది. ఉద్దానం వైపు, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు ఊళ్ళలో కిడ్నీ జబ్బు ఎంత ఉందో లోకానికి తెలుసు. అక్కడి ప్రపోజల్లో ఆ ప్రశ్నని నిజంగా అడిగి రాసిన ఏజెంటు ఆ ఇంటికి చేసిన మేలు ఇంతా అంతా కాదు. జబ్బు ముందే చెబితే అదనపు ప్రీమియం పడొచ్చు, పాలసీ రాకపోనూవచ్చు. దాచి తీసుకుంటే కట్టిన సొమ్మూ, నమ్ముకున్న క్లెయిమూ రెండూ పోయే ప్రమాదం ఉంది.

అన్నీ సరిపోతే బాండు తయారవుతుంది. వెయ్యి రూపాయల బీమాకి ఇరవై పైసల చొప్పున స్టాంపు, అంటే లక్షకి ఇరవై రూపాయలు. బాండు రిజిస్టర్డ్ పోస్టులో వెళ్ళేది. డోరు నంబరు లేని ఊళ్ళకి 'రామాలయం దగ్గర', 'చెరువు గట్టు వీధి' అని రాస్తే పోస్టుమేను పట్టుకుని ఇచ్చేవాడు. డాకెట్ రికార్డు రూముకి వెళ్తుంది.

ఇక ఆ గది సంగతి. డాకెట్లు పాలసీ నంబరు వరుసలో ఉంటాయి. ఒక డాకెట్ బయటికి తీస్తే దాని చోట ఎవరు, ఏ టేబులు కోసం, ఏ తేదీన తీశారో రాసిన చీటీ పెట్టాలి. చీటీ పెట్టకుండా తీసిన డాకెట్, వరుస తప్పి పెట్టిన డాకెట్ రెండూ పోయినట్టే లెక్క. నంబరులో రెండంకెలు తారుమారు చేసి పెట్టడం తరచుగా జరిగేది. అందుకే దొరకని డాకెట్‌కి వెతుకులాట ఆ నంబరు అంకెల్ని అటూ ఇటూ మార్చి చూడటంతో మొదలయ్యేది. తర్వాత లోన్ టేబులు, తర్వాత క్లెయిము టేబులు సొరుగులు, చివరికి ఆడిట్‌కి ఇచ్చిన కట్టలు. అనుభవమున్న రికార్డు క్లర్కు ర్యాకు ముందు నిలబడి నంబరు వినగానే చెయ్యి చాచి తీసేవాడు. అలాంటి మనిషి సెలవు పెట్టిన రోజు బ్రాంచి సగం ఆగిపోయేది. వర్షాకాలంలో గోడ పక్క ర్యాకుకి చెమ్మ పట్టేది. తుఫాను హెచ్చరిక రాగానే కింది వరుసల డాకెట్లు పైకి ఎక్కించడం అందరి పనీ, ఆఫీసరని, సబ్ స్టాఫని తేడా ఉండేది కాదు. చెద ఒక మూల కనిపిస్తే ఆ ర్యాకు మొత్తం దించి దులపాల్సిందే. తడిసిన ప్రపోజలు ఫారంలో సిరా పాకిపోయి సంతకం పోతే, రేపు ఆ సంతకంతో దేన్ని పోల్చాలి?

క్యాష్ కౌంటరు మాత్రం పంటల్ని బట్టి నడిచేది. వరి నూర్పులయ్యాక సంక్రాంతి చుట్టూ, గోగునార అమ్ముడయ్యాక, పలాస వైపైతే జీడిపిక్కల కాలంలో జనం వచ్చేవారు. నెలవారీ పాలసీకి పదిహేను రోజుల గ్రేసు (తేదీ దాటాక కట్టనిచ్చే గడువు), మిగతావాటికి ఒక నెల, ముప్ఫై రోజులకి తక్కువ కాకుండా. మనియార్డరులో ప్రీమియం పంపేవాళ్ళు కూపను మీద పాలసీ నంబరు రాయడం మరిచిపోతే ఆ డబ్బు పేరు లేని డిపాజిట్టుగా పడి ఉండేది. సాయంత్రం క్యాషు తేలకపోతే ముందు తేడాని తొమ్మిదితో భాగించి చూసేవాళ్ళం. నిశ్శేషంగా పోతే ఎక్కడో అంకెలు తిరగబడ్డాయన్న మాట. 540ని 450గా రాస్తే తేడా 90. తర్వాత ఆ మొత్తమున్న రసీదుల్నే వెతికితే చాలు.

ఎక్కువ ఓపిక పట్టింది జీతాల్లో కోత పెట్టే పాలసీలు, అంటే శాలరీ సేవింగ్స్ స్కీము (ఎస్.ఎస్.ఎస్.). టీచర్లు, ఆర్టీసీ డిపోలవాళ్ళు, కరెంటు ఆఫీసు సిబ్బంది, రైల్వేవాళ్ళు. మామూలు నెలవారీ ప్రీమియానికి అప్పట్లో పడే అయిదు శాతం అదనం ఇందులో ఉండేది కాదు, గడువు గుర్తుపెట్టుకునే బాధా లేదు. అందుకే బడి మాస్టార్లలో ఈ పాలసీ లేనివాళ్ళు అరుదు. పద్ధతి ఇది. ఒక్కో జీతాల ఆఫీసుకి ఒక పి.ఎ. (పేయింగ్ అథారిటీ) కోడు ఉంటుంది. నెలనెలా ఆ కోడు కింద ఉన్న పాలసీలన్నిటితో డిమాండు జాబితా అక్కడికి వెళ్తుంది. వాళ్ళు జీతాల్లో కోసి, చెక్కుతోపాటు జాబితాని తిప్పి పంపుతారు. కొత్తగా వచ్చినవాళ్ళు, వెళ్ళిపోయినవాళ్ళు ఎవరో అందులో దిద్ది పంపాలి.

దిద్దకపోవడంతోనే గ్యాపులు పుట్టేవి. మాస్టారికి సీతంపేట నుంచి టెక్కలికి బదిలీ అయిందనుకోండి. కొత్త మండలంలో జీతం కోస్తూనే ఉంటారు, చెక్కూ వస్తూనే ఉంటుంది. కానీ ఆయన పాలసీ ఇంకా పాత పి.ఎ. కోడు కిందే ఉంది కాబట్టి కొత్త మండలం జాబితాలో ఆయన పేరు లేదు. డబ్బు జమ కాకుండా డిపాజిట్టులో కూర్చుంటుంది, పాత కోడులో ఆ నెలలన్నీ ఖాళీగా కనిపిస్తాయి. ఆయన పే స్లిప్పు చూసుకుని నిశ్చింతగా ఉంటారు. ఇరవై ఏళ్ళ తర్వాత మెచ్యూరిటీకి వచ్చినప్పుడు లెడ్జరులో ఖాళీలు బయటపడతాయి. అప్పుడు ఆ నెలల కోత సర్టిఫికెట్టు కావాలి. ఉత్త సర్టిఫికెట్టు చాలదు. ఏ నెల జీతం, బిల్లు టోకెను నంబరు, తేదీ, ఆ నెల ఎల్.ఐ.సి.కి వెళ్ళిన మొత్తం చెక్కు నంబరు ఉంటేనే మా వైపు డిపాజిట్టులో ఉన్న డబ్బుతో ముడిపెట్టగలం. పంచాయతీ సమితుల నాటి రిజిస్టర్లు మండలాలు వచ్చాక ఎక్కడికి చేరాయో వెతకడమే ఒక పెద్ద పని. ఆ పని చేసిపెట్టిన మండల విద్యాశాఖ గుమాస్తాలు, బిల్లుల మీద దుమ్ము దులిపి నంబర్లు రాసిచ్చిన ట్రెజరీవాళ్ళు ఎందరి సొమ్ము ఒడ్డెక్కించారో. ఒక్క నెల గ్యాపు తేలిస్తే ఎస్.ఎస్.ఎస్. టేబులు మీద మాకు పండగలా ఉండేది.

లాప్సయిన (ప్రీమియం కట్టక ఆగిపోయిన) పాలసీ గురించి జనంలో ఉన్న భయం కొంత అనవసరం. పాత ఎండోమెంటు ప్లానుల్లో మూడేళ్ళు కట్టి ఆపేస్తే పాలసీ చచ్చిపోదు, పెయిడప్ అవుతుంది. యాభై వేల పాలసీ, ఇరవై ఏళ్ళది, ఎనిమిదేళ్ళు కట్టి ఆపితే ఇరవై వేలకి తగ్గి నిలుస్తుంది. అప్పటిదాకా చేరిన బోనసు దానికి అదనం. ఇంకో సదుపాయం చాలామందికి తెలియనే తెలియదు. మూడేళ్ళు పూర్తిగా కట్టాక, కట్టని మొదటి ప్రీమియం తేదీ నుంచి ఆరు నెలల్లోపు మనిషి పోతే, ఆ పాత పాలసీల్లో బాకీ మినహాయించి పూర్తి మొత్తం ఇచ్చేవారు. అయిదేళ్ళు కట్టి ఉంటే ఏడాది దాకా. 'లాప్సయిపోయింది కదా' అని బాండు పెట్టె అడుగున పెట్టేసిన కుటుంబాల్ని ఏజెంటు వెతికి పట్టుకొచ్చిన సందర్భాలుండేవి. ఆగిన పాలసీని మళ్ళీ నిలబెట్టే రివైవలైతే, ఆరు నెలలు దాటాక 680 ఫారంలో ఆరోగ్య డిక్లరేషను ఇవ్వాలి. మొత్తం పెద్దదైతే డాక్టరు పరీక్ష కూడా. ఇక్కడా అదే సంగతి, ఆ ఫారంలో రాసిన ప్రతి మాటా కొత్త ప్రపోజలంత బరువైనది.

క్లెయిము టేబులు ముందు కూర్చునేవాళ్ళ మొహాలు చూసి పనిచేయడం వేరు. "మావోడు పోనాడు బాబూ, బాండొకటి ఉందంట" అంటూ వచ్చేవారు. బాండు నంబరు తెలియదు, ఏజెంటు ఊళ్ళో లేడు. పేరు, తండ్రి పేరు, ఊరు పట్టుకుని అక్షరక్రమం ఇండెక్సులో వెతికేవాళ్ళం. దొరికాక చావు తేదీకి పాలసీ అమల్లో ఉందా, నామినీ ఎవరు, పాలసీ ఇచ్చి ఎన్నాళ్ళయింది. ఈ మూడింటి మీదే మిగతాదంతా. ఏళ్ళు గడిచిన పాలసీకి కాగితాలు తక్కువ. అప్పట్లో తొలి రెండేళ్ళలో పోతే ఎర్లీ క్లెయిము. 3783 నంబరు ఫారం నామినీది, 3784 ఆఖరిగా చూసిన డాక్టరుది, 3785 దహనమో ఖననమో చూసినవాళ్ళది, ఉద్యోగైతే 3787 ఆఫీసుది. ఇవికాక విచారణ. 2015 సవరణతో బీమా చట్టం 45వ సెక్షను కింద పాలసీని ప్రశ్నించే గడువు మూడేళ్ళకి మారింది. ఆ గడువు దాటాక ప్రపోజల్లో రాసిన మాట తప్పు అని చెప్పి పాలసీని కాదనలేరు. 1984లో గ్రామాధికారుల వ్యవస్థ రద్దయ్యేదాకా ఊళ్ళో చావు రాసుకునేది మునసబు. ఆ తర్వాత కొంతకాలం ఏ పుస్తకం ఎవరి దగ్గరుందో తేలక మరణ ధృవపత్రానికి తిరిగిన కుటుంబాలు చాలా ఉన్నాయి.

పాము కాటు క్లెయిముల్లో ఒక మాట ఊరూరా చెప్పాల్సింది. పొలంలో పాము కరిచి పోతే కుటుంబం ఆ బాధలో పోస్టుమార్టం వద్దంటుంది, పోలీసుకి చెప్పదు. బీమా మొత్తం వస్తుంది కానీ, దానికి సమానంగా వచ్చే ప్రమాద బీమాకి ఎఫ్.ఐ.ఆర్., పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు లేకపోతే రుజువేదీ ఉండదు. చెట్టు మీంచి పడటం, బావిలో జారడం కూడా అంతే.

ఇంతకన్నా కష్టమైనవి సముద్రం మీదవి. కళింగపట్నం, భావనపాడు తీరం నుంచి వేటకెళ్ళి తిరిగి రానివాళ్ళు. శవం దొరకదు, మరణ ధృవపత్రం ఇవ్వరు. ఎవిడెన్స్ చట్టం 108వ సెక్షను (2024 జూలై నుంచి భారతీయ సాక్ష్య అధినియం 111వ సెక్షను) ప్రకారం ఏడేళ్ళు మనిషి జాడ లేకపోతేనే కోర్టు చనిపోయినట్టు అనుకుంటుంది. ఈ ఏడేళ్ళూ ప్రీమియం ఆపకూడదు, ఆపితే పాలసీ లాప్సవుతుంది. భర్త తిరిగొస్తాడని ఎదురుచూసే ఆడమనిషికి, కట్టడానికి డబ్బు లేని ఇంటికి, ఈ మాట చెప్పడం క్లెయిము టేబులు మీద అన్నిటికన్నా బరువైన పని. చెప్పి తీరాలి. పోలీసుకి మిస్సింగు ఫిర్యాదు ఆ వారంలోనే ఇవ్వమని, దాని నకలు దాచుకోమని, ఏడేళ్ళ లెక్కకి అదే మొదలని చెప్పేవాళ్ళం. ఊరివాళ్ళు చందాలేసుకుని అలాంటి ఇంటి ప్రీమియం కట్టడం ఆ తీరంలో ఉంది.

మార్చి 31 రాత్రి బ్రాంచి ఎలా ఉంటుందో పనిచేసిన ప్రతివాళ్ళూ చెబుతారు. చివరి ప్రపోజలు రసీదు అయ్యేదాకా క్యాష్ మూయరు, డెవలప్‌మెంట్ ఆఫీసర్లు టీలు తెప్పిస్తుంటారు, తెల్లారేసరికి లెక్క డివిజనుకి వెళ్ళాలి. సంవత్సరాంతపు తొందరలో నింపిన ఫారాలే తర్వాత ఎక్కువ లోపాలతో తేలేవి.

1990లలో బ్రాంచీలకి కంప్యూటర్లొచ్చాయి. నల్ల తెర టెర్మినళ్ళు, గరగరమనే డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు. లెడ్జరు షీట్లలో ఉన్నదంతా ఎక్కించాలి. పుట్టిన తేదీ, టేబులు (ప్లాను నంబరు), టర్ము, కట్టాల్సిన తేదీ, నామినీ. లెడ్జరులో గుమాస్తా చేతిరాతలో 1కీ 7కీ తేడా తెలియక ఎక్కించిన తేదీలు కొన్ని మెచ్యూరిటీ దగ్గరే బయటపడ్డాయి. అప్పుడు మళ్ళీ డాకెటే సాక్ష్యం. అందుకే తెర మీద ఏమున్నా, డబ్బిచ్చే ముందు డాకెట్ తెరిచి చూడటం మా తరం మానలేదు. తర్వాత డాకెట్లన్నిటినీ స్కాన్ చేశారు, ర్యాకులు ఖాళీ అయ్యాయి. మనీబ్యాక్ చెక్కులు 'తలుపు తాళం' అని తిరిగొచ్చే కాలం కూడా పోయి బ్యాంకు ఖాతాలోకే జమ అవుతోంది. ఇది నిజంగా మంచి మార్పు. హైదరాబాదుకో, చెన్నైకో పనికి వలసపోయిన కుటుంబాల చెక్కులు కట్టలు కట్టలుగా తిరిగొచ్చి బీరువాలో ఉండిపోయేవి మరి.

మీ ఇళ్ళల్లో పెద్దవాళ్ళ పాత బాండు ఏదైనా పెట్టెలో ఉంటే ఒకసారి తీసి చూడండి. పాలసీ నంబరు, కింద బ్రాంచి పేరు, 'వయసు అడ్మిటెడ్' అన్నచోట ఏం రాసి ఉంది, వెనక నామినేషను ఎవరి పేర, ఏదైనా అసైన్‌మెంటు (పాలసీ హక్కు వేరొకరికి రాసివ్వడం) ముద్ర ఉందా. పాత అప్పు కోసం బ్యాంకుకి అసైన్ చేసి, అప్పు తీరాక తిరిగి రాయించుకోనివి చాలా ఉంటాయి. 2015 సవరణకి ముందు తిరిగి అసైన్ అయినా పాత నామినేషను దానంతటది బతికొచ్చేది కాదు, కొత్తగా రాయించి రిజిస్టరు చేయించాల్సి వచ్చేది; ఇప్పుడు అప్పు తీరి తిరిగి అసైన్ అయితే పాత నామినేషను మళ్ళీ అమల్లోకి వస్తుంది. గడువు ముగిసి పదేళ్ళు ఎవరూ అడగని సొమ్ము ఇప్పుడు వృద్ధుల సంక్షేమ నిధికి వెళ్తుంది. అలా వెళ్ళినా ఇరవై అయిదేళ్ళ దాకా వారసులు అడిగి తీసుకోవచ్చు. బాండు చిరిగినా, నంబరు సగమే కనిపిస్తున్నా, పేరు, పుట్టిన తేదీ, ఊరు చెబితే బ్రాంచిలో వెతికి చూస్తారు.